ఎదురు తిరిగిన బాతు

మిల్ క్రీక్, నోవా స్కోషియా
జూలై 3

రోనా,

నువ్వు క్షేమంగా చేరావని నీ కార్డు చెప్పింది. నాలుగు వాక్యాల కార్డు, అందులో మూడు దోమల గురించి. వంట చెయ్యడానికి వెళ్ళినదానివి, వంట గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఇక్కడ స్ట్రాబెర్రీలు విరగకాశాయి. పొద్దున కోయడం, మధ్యాహ్నం తొడిమలు తియ్యడం, సాయంత్రం జామ్ కాయడం. ఇప్పటికి ఇరవై రెండు సీసాలు. మీ బావ వెర్నన్ ఇరవై ఒకటే అంటాడు. ఆ తగ్గిన సీసా ఎటు పోయిందో ఆయన గడ్డాన్ని అడిగితే తెలుస్తుంది.

మీ ఇంటి కిటికీలు రోజు విడిచి రోజు తెరిచి గాలి ఆడనిస్తున్నాను. రోడ్డు దాటడమే కదా, నాకేం కష్టం లేదు. "ఈ ఒక్క వేసవేనే అక్కా, సెప్టెంబరుకల్లా మళ్ళీ నీ ఎదురింట్లో ఉంటాను" అని నువ్వు ఇచ్చిన మాట క్యాలెండర్‌లో సిరాతో రాసుకున్నాను. పెన్సిల్‌తో కాదు.

ఇక అసలు సంగతి. నువ్వు మూడు చలికాలాలు కూర్చుని ముక్కలు కలిపిన బాతుల బొంతను నిన్న భోజనాల బల్ల మీద పరిచాను. ఎంత బాగా వచ్చిందే! ఒక్కో త్రికోణం ఒక్కో బాతు. వరసలు వరసలుగా అన్నీ ఒకే దిక్కుకు ఎగిరిపోతుంటే రెక్కల చప్పుడు వినిపించినట్టయింది. ఇక ఆ పై పొర కింద దూది, దాని కింద అస్తరు గుడ్డ పెట్టి మూడింటినీ కలిపి కుట్టడం నా వంతు. ఎగ్జిబిషన్‌లో సెప్టెంబరులో జరిగే జంట చేతుల పోటీ నియమం నీకు తెలిసిందే: ముక్కలు కలిపేది ఒకరు, బొంత కుట్టేది ఒకరు, మూడో చెయ్యి పడకూడదు, పోటీ రోజున ఇద్దరూ బొంత పక్కన నిలబడాలి. ఆరేళ్ళుగా ఆ మొదటి బహుమతి రిబ్బన్ హిల్డా బ్లెంకార్న్ గారూ ఆవిడ కోడలూ ఎగరేసుకుపోతున్నారు. ఈసారి దాని మీద మన ఇద్దరి పేర్లుండాలి. నువ్వు రాకపోతే బొంత ఉన్నా లేనట్టే.

అన్నట్టు, ఒక పొరపాటు దొరికింది. చివరి వరసలో, మూల దగ్గర, ఆ ఎర్ర గళ్ళ బాతు వెనక్కి తిరిగి ఉంది. మందంతా ఒకవైపు పోతుంటే అదొక్కటే ఎదురొస్తోంది. పాపం, కళ్ళు అలిసిపోయి ఉంటాయిలే. కుట్లు విప్పి, సరిగ్గా తిప్పి కుట్టేశాను. థాంక్స్ చెప్పనక్కర్లేదు.

మీ అక్క
ఆర్డిత్


లూన్ లేక్ లాడ్జి, లాబ్రడార్
జూలై 12

అక్కా,

ముందు ఆ బాతును మళ్ళీ వెనక్కి తిప్పు. ఆ తర్వాతే ఈ ఉత్తరం మిగతాది చదువు.

తిప్పలేదు కదూ? నాకు తెలుసు. నీ గురించి నాకు తెలీదా! అది పొరపాటు కాదే. కావాలనే కుట్టాను. ఎందుకో సెప్టెంబరులో నీ ఎదురుగా కూర్చుని చెప్తాను. అంతవరకూ అడక్కు.

వంట గురించి రాయలేదన్నావు. ఇదిగో రాస్తున్నాను. ఇక్కడి కట్టెల పొయ్యికి కుడివైపే వేడి. బెర్రీల పై రొట్టె లోపల పెట్టి, పావుగంటకోసారి తలుపు తీసి తిప్పాలి. ఒకసారి మర్చిపోయాను. సగం బొగ్గు, సగం పచ్చిపిండి. చేపలు పట్టడానికొచ్చిన పెద్దమనుషులు ఆ రెండు సగాల మధ్య ఉన్న గీత మీద బాగా ఉడికిన భాగం కోసం కొట్టుకున్నారు. నువ్వు కట్టి ఇచ్చిన స్ట్రాబెర్రీ జామ్‌తో చేసిన పై మాత్రం కళ్ళు మూసి తెరిచేలోగా ఖాళీ. టొరంటో ఆయన ఒకడు "మీ అమ్మగారు నేర్పారా?" అని అడిగాడు. "కాదండీ, మా అక్క. నేర్పలేదు, తిట్టింది" అన్నాను.

ఉత్తరాలు తెచ్చే నీటివిమానం వారానికోసారి దిగుతుంది. రేడియో ఫోను ఉంది గానీ అది ఎవరికైనా గాలం ముక్కులో గుచ్చుకుంటేనే. కాబట్టి ఉత్తరాలే గతి. ఆ విమానం నడిపే ఎల్డ్రెడ్ రంబోల్ట్ అని ఒకాయన ఉన్నాడు. పై రెండో ముక్క ఎప్పుడూ అడగడు. మొదటి ముక్కే రెండు ముక్కలంత కోసుకుంటాడు.

బాతు! బాతు! బాతు!

రోనా


మిల్ క్రీక్
జూలై 20

రోనా,

తిప్పను. వంకరగా ఉన్న బాతుకు జడ్జి రెండు మార్కులు కోస్తుంది. క్రిందటేడు హిల్డా గారు మనల్ని దాటింది ఒక్క మార్కుతో.

రాస్ప్‌బెర్రీలు మొదలయ్యాయి. నా చేతుల మీద ముళ్ళ గీతలు చూసి మీ బావ "పిల్లితో కుస్తీ పట్టావా?" అన్నాడు. రెండు పైలు, ఒక కేకు, ఆరు సీసాలు. వచ్చే వారం మన వెనక మడిలో బ్లూబెర్రీలు నల్లబడతాయి. మఫిన్లకు ఇప్పుడే సన్నాహం.

బొంతల సంఘంలో మొన్న పెద్ద చర్చ. మూడు పొరలూ కదలకుండా నేను ముందు పొడుగు టాకాలు వేస్తున్నానని విని హిల్డా గారు వేలితొడుగుతో బల్ల మీద కొట్టి మరీ నవ్వింది.

"టాకాలు వేసుకుంటూ కూర్చుంటే సెప్టెంబరు కాదు, క్రిస్మస్ దాటుతుందమ్మాయ్! ఇప్పుడు డబ్బాల్లో జిగురు వస్తోంది. ఉష్షుమని కొట్టు, పొరలు అంటించు, కుట్టుకో."

"మీరు అలాగే చేస్తారా?"

"నేనా? నాకెందుకు? నాకు చేతులున్నాయి."

నాకు రోషం వచ్చింది. పట్నం వెళ్ళి ఆ జిగురు డబ్బా తెచ్చాను. అదే కొట్లో, మఫిన్లు అచ్చులకు అంటకుండా కొట్టుకునే వెన్న నూనె డబ్బా కూడా తీసుకున్నాను. రెండూ ఒకే ఎత్తు, రెంటికీ పసుపు మూతలు. ఆ రంగురంగుల బొమ్మలతో నా అల్మరా బజారులా కనిపిస్తుందని, రెంటికీ తెల్ల కాగితం చుట్టి, నా చేత్తో గుండ్రంగా పేర్లు రాసి అంటించాను. ఇక పొరపాటుకు తావే లేదు.

ఒక చిన్న విషయం. నీ ఉత్తరం వెనక రాసిన చేర్పుతో కలిపి ఎల్డ్రెడ్ అనే పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. ఊరికే చెప్తున్నాను.

ఆర్డిత్


మిల్ క్రీక్
జూలై 27

రోనా,

నా మనసు బాగాలేదు. మొదటి బ్లూబెర్రీ మఫిన్లు అచ్చుల్లోంచి రాలేదు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు. కత్తితో లాగాను, బోర్లించి కొట్టాను, కింద తడిగుడ్డ పెట్టాను. అదేదో గోడకు మేకు కొట్టినట్టు కూర్చున్నాయి. చివరికి మీ బావ గరిట పెట్టి పైభాగాలు చెక్కుకుని తిన్నాడు. "కిందిభాగం వచ్చే ఏడు తింటాలే" అన్నాడు. అచ్చుల తప్పే అయ్యుంటుంది. కొత్త అచ్చులకు రాశాను. మిగిలినవి గీకి ఎరువు కుప్పలో పడేశాను.

బొంత కూడా మొండికేసింది. డబ్బా మీద చెప్పినట్టే జిగురు కొట్టి పొరలు పరిచాను. అంటుకోకపోగా మంచు మీద బూట్లలా జారుతున్నాయి. పై గుడ్డ మీద అక్కడక్కడా పారదర్శకంగా మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. ఆరితే పోతాయనుకుంటా. ఆ జిగురు వాసన మాత్రం వింతగా ఉంది. దుర్వాసన కాదు. చెప్పడం కష్టం. మీ బావ ఆ గదిలోకి వచ్చి, నిలబడి, గాలి పీల్చి, "ఏమిటోనే, ఈ బొంత దగ్గరకొస్తే ఆకలేస్తోంది" అన్నాడు. ఆయనకు ఎక్కడికి పోయినా ఆకలే కనుక పట్టించుకోలేదు. కానీ పోస్టుమాన్ కూడా గుమ్మంలో నిలబడి "ఏం వండుతున్నారమ్మా?" అన్నాడు. ఆ వేళ నేను పొయ్యే వెలిగించలేదు!

రేపు పొద్దున బొంతను దండెం మీద ఆరేస్తాను. వాసన పోతుంది.

ఆర్డిత్


లూన్ లేక్ లాడ్జి
ఆగస్టు 3

అక్కా! అక్కా! అక్కా!

ఆ డబ్బాల మీది కాగితాలు చింపి చూడు! ఇప్పుడే! ఈ ఉత్తరం కింద పెట్టి వెళ్ళు!

నీ ఉత్తరం వంటింట్లో పైకి చదివాను. మఫిన్ల దగ్గర అందరూ నవ్వారు. పోస్టుమాన్ దగ్గరికి వచ్చేసరికి ఎల్డ్రెడ్ ఫోర్కు కింద పెట్టి, చాలా గంభీరంగా, "మీ అక్కగారు మఫిన్లకు జిగురు పూసి, బొంతకు వెన్న రాశారు" అన్నాడు. తర్వాత నేను నేల మీద కూర్చుండిపోయాను. నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి. టొరంటో ఆయన మంచినీళ్ళు తెచ్చాడు.

బొమ్మలున్న డబ్బాలను ప్రపంచంలో ఎవరైనా గుర్తుపడతారు. నువ్వు శుభ్రంగా లేబుళ్ళు రాసి మరీ కలిపేశావు! అక్కా, నువ్వంటే నాకు ఎంత ఇష్టమో మాటల్లో చెప్పలేను.

బావ కడుపు ఎలా ఉంది? పైభాగాలే కదా తిన్నాడు. పర్వాలేదనే అనుకుంటున్నా.

కానీ నవ్వులు పక్కన పెట్టి ఒక్క మాట విను. వెన్న వాసనేసే బొంతను బయట ఆరెయ్యకు. వెనక మడిలో బ్లూబెర్రీలు పండాయన్నావు. బ్లూబెర్రీలు పండితే ఎవరు వస్తారో నీకు నేను చెప్పాలా?

రోనా


మిల్ క్రీక్
ఆగస్టు 5

ప్రియమైన రోనాకు,

ఇక్కడ అందరం క్షేమం. వాతావరణం బాగుంది. బ్లూబెర్రీలు బాగున్నాయి. బొంత కూడా క్షేమంగా ఉంది.

నీ దగ్గర ఆ ఎర్ర గళ్ళ గుడ్డ మిగిలి ఉందా? ఊరికే తెలుసుకుందామని. ఒక అరచెయ్యి అంత ఉన్నా చాలు. తొందరేం లేదు. ఈ వారం విమానంలో పంపితే మంచిది.

ఇట్లు,
ఆర్డిత్ క్రోవెల్


(అదే కవరులో మడిచిన చీటీ)

మరదలా,

మీ అక్క స్టాంపు కోసం లోపలికి వెళ్ళింది. అందుకే గబగబా రాస్తున్నాను. ఎలుగుబంటి వచ్చింది.

నేను వరండాలో కూర్చుని టోస్టు తింటున్నాను. అది మడిలోంచి వచ్చింది, ఎరువు కుప్పలోని మఫిన్లను వాసన చూసి మొహం తిప్పుకుంది, నేరుగా దండెం దగ్గరికి పోయింది. బొంతను లాగి, పరుచుకుని, మధ్యలో కూర్చుని నాకడం మొదలుపెట్టింది. పిల్లలు ఐస్‌క్రీమ్ నాకినట్టు, కళ్ళు మూసుకుని. నేను మూకుడు మీద గరిటతో వాయించాను. అది నా వంక చూసి మళ్ళీ పనిలో పడింది.

అప్పుడు మడిలోంచి మీ అక్క వచ్చింది. చేతిలో బ్లూబెర్రీలు దువ్వి కోసే, దువ్వెనలాంటి పళ్ళున్న చేట. "నా చెల్లెలి బొంతే! వదులు! వదలవే దొంగమొహమా!" అని అరుస్తూ సూటిగా దాని మీదికే పరుగు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ పరుగెత్తడం నేను చూడలేదు. ఎలుగు కూడా చూసినట్టు లేదు. పాపం, జడుసుకుని లేచింది. పోతూ పోతూ ఒక మూల కొరుక్కుపోయింది. మూడు బాతులు పోయాయి. అందులో ఒకటి ఆ ఎర్రది.

మనిషికి గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచీ మీ అక్క లెక్కలు రాసుకోవడం మానేసింది. జామ్ సీసాలు కూడా లెక్కపెట్టడం లేదు. నాకు భయంగా ఉంది.

నేను చెప్పానని చెప్పకు.

వెర్నన్


లూన్ లేక్ లాడ్జి
ఆగస్టు 12

అక్కా,

బొంత క్షేమంగా ఉందని తెలిసి సంతోషం. దాన్ని చూడ్డానికి అడవిలోంచి చుట్టాలెవరూ రాలేదు కదా?

సరే, నాటకాలు చాలు. బావను ఏమీ అనకు. నువ్వు ఎలుగుబంటి మీదికి పరుగెత్తావని చదివాక నేను సగం రోజు నవ్వాను, మిగతా సగం ఏడ్చాను. గుడ్డముక్కల కోసం ఎవరైనా అలా పోతారటే? ఎముకలు కూడా దొరకవు! ఇంకోసారి ఇలా చేశావంటే నేనే వచ్చి నిన్ను కొరుకుతాను.

నువ్వు అడిగిన ఎర్ర గళ్ళ గుడ్డ ఇందులో పెట్టాను. చూశావా? ముదురు రంగు, గళ్ళు కాస్త పెద్దవి. ఆ ఎర్ర బాతును కోసిన నా పాత కోటు అస్తరు గుడ్డలో మిగిలింది ఏమీ లేదు. ఇది ఎల్డ్రెడ్ చొక్కా వెనక కొస. ఆయనే కత్తెర అడిగి కోసిచ్చాడు.

ఇక దాచను. తొమ్మిదిసార్లు లెక్కపెట్టినప్పుడే నీకు అర్థమైపోయి ఉంటుంది. ఈ వారం బేకాపిల్స్ పండాయి. బురద నేలలో మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కో కాడకు ఒక్కో పసుపు పండు చొప్పున ఏరుకోవాలి. ఇద్దరం పొద్దంతా ఏరితే ఒక్క పై వచ్చింది. రేవు చెక్కల మీద కూర్చుని తిన్నాం. ఆయన ఖాళీ పళ్ళెం వంక చూస్తూ, "ఈ పై నాకు చలికాలంలో కూడా దొరికే మార్గం ఏదైనా ఉందా?" అన్నాడు. "సీసాలో పెట్టి ఇస్తాను" అన్నాను. "సీసా ఒక్కటే వద్దు" అన్నాడు. నవ్వకు. యాభై ఏళ్ళ మనిషి, భార్య పోయి ఎనిమిదేళ్ళు, చెవులు ఎర్రబడిపోయాయి. సరేనన్నాను.

ఆయన ఇల్లు ఇక్కడే, లాబ్రడార్ తీరాన. నాదీ ఇక అదే ఇల్లు.

ఇప్పుడు ఆ బాతు సంగతి. ఈ ఉద్యోగానికి రాసుకున్నానని క్రిందటి చలికాలం నీకు చెప్పలేక చాలా రోజులు కడుపులో దాచుకున్నాను. అప్పుడు కుట్టాను దాన్ని. మన ఊళ్ళో అందరూ ఒకే పద్ధతి: అదే రోడ్డు, అదే చర్చి, అవే సీసాలు. మందంతా దక్షిణానికి పోతుంటే ఒక్కటి ఉత్తరానికి తిరిగితే ఎలా ఉంటుందో గుడ్డ మీద చూసుకుందామనిపించింది. అది నేనే అక్కా. నువ్వు నన్ను విప్పి, తిన్నగా తిప్పి, మందలో కుట్టేశావు. ఆ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది.

ఎగ్జిబిషన్‌కు వస్తాను. నీ పక్కన నిలబడతాను. ఆ మర్నాడు మన చర్చిలో పెళ్ళి. ఆ తర్వాత తిరిగి ఇక్కడికే. ఒక్క వేసవే అని ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోతున్నాను. తిట్టు. కానీ ఉత్తరం రాసి తిట్టు. ఊరుకోకు.

రోనా


మిల్ క్రీక్
ఆగస్టు 21

రోనా,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు మీ ఇంటి కిటికీలు తెరవలేదు. తెరిచి ఏం లాభం అనిపించింది. క్యాలెండర్‌లో సిరాతో రాసుకున్నదాన్ని ఏం చెయ్యాలో తోచలేదు. సిరాతో రాయకుండా ఉండాల్సింది.

నాలుగో రోజు హిల్డా బ్లెంకార్న్ గారు వచ్చింది. చేతిలో వేలితొడుగు, చంకలో గుడ్డల సంచి. ఎలుగు కథ ఊరంతా పాకిపోయింది. పోస్టుమాన్ చెప్పాడట.

"జిగురు డబ్బా సలహా ఇచ్చింది నేనే. నా వల్లే నీ బొంత నాశనమైందని జనం అనుకుంటున్నారు. జరుగమ్మాయ్, కూర్చోనీ."

"వద్దండీ. మూడో చెయ్యి పడితే పోటీకి పనికిరాదు."

"పోటీ! మూల చిరిగి, పొరలు జారి, మధ్యలో ఎలుగు కూర్చున్న గుంట! దీంతో పోటీకి పోతావా? ఇది ఇంతకీ ఎవరికోసం కుడుతున్నావు, రిబ్బన్‌కా, మీ చెల్లెలికా?"

వంటింట్లోంచి మీ బావ అరిచాడు: "చెల్లెలికే! పెళ్ళట! అక్కడ చలి చంపేస్తుందట!"

హిల్డా గారు నా మొహం వంక చూసింది. "అయితే దూది ఇంకాస్త దట్టంగా వెయ్యాలి. కాఫీ పెట్టు" అంది.

ఇక చెప్పేదేముంది! పొరలు విప్పేశాం. గిన్నెల సబ్బు వేసి తొట్టిలో మూడుసార్లు ఉతికాం. మొదటి నీళ్ళ మీద వెన్న తేలింది, నిజం. పొరలు మళ్ళీ పరిచి, డబ్బాలూ గిబ్బాలూ లేకుండా పాత పద్ధతిలో టాకాలు వేశాం. మర్నాడు ఆవిడ కోడలు వచ్చింది. ఆ మర్నాడు సంఘంలో సగం మంది వచ్చారు. ఎనిమిది మందిమి చట్రం చుట్టూ కూర్చుని కుడుతుంటే ఒకటే కబుర్లు. నేను బ్లూబెర్రీ గ్రంట్ చేశాను. పళ్ళ పులుసులో పిండిముద్దలు ఉడుకుతూ గురగురమంటుంటే హిల్డా గారు ఉలిక్కిపడి "ఎలుగు!" అని కుర్చీ ఎక్కింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి! సూదులన్నీ ఆగిపోయాయి. మీ బావ నవ్వలేక బయటికి పోయాడు.

పోయిన మూడు బాతుల్లో ఒకటి హిల్డా గారి నీలిపూల గుడ్డతో వేశాం. "నా ఇంట్లో ఇంతకంటే మంచి గుడ్డ లేదు" అంటూ ఇచ్చింది. రెండోది మీ బావ పెళ్ళినాటి చొక్కా. ఆయనకు ఎలాగూ మెడ దగ్గర పట్టదు. మూడోది ఎల్డ్రెడ్ గారి ఎర్ర గళ్ళు.

దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఉత్తరానికి తిప్పి కుట్టాను. నా చేత్తోనే, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గట్టి కుట్లు వేశాను. ఇక అది ఎటూ తిరగదు.

జంట చేతుల పోటీలోంచి మన పేర్లు కొట్టించేశాను. ఎంతమందైనా కలిసి కుట్టే పోటీలో పెట్టాను. నీతో కలిపి తొమ్మిది పేర్లు రాయాల్సి వచ్చింది. గడి సరిపోలేదు, కాగితం వెనక్కి తిప్పి రాశాను.

నువ్వు మొహం చూపించు. తిట్లు దాచి ఉంచాను, ఒకటి కూడా తగ్గలేదు. ఈ రోజు మీ ఇంటి కిటికీలన్నీ తెరిచాను. పెళ్ళికొడుకు వైపు వాళ్ళు దిగడానికి ఇల్లు కావాలి కదా.

ఆర్డిత్

తా.క. జామ్ మొత్తం నలభై ఒక్క సీసాలు. మళ్ళీ లెక్కపెట్టాను. ఈసారి మీ బావది కూడా అదే లెక్క.


లూన్ లేక్ లాడ్జి
ఆగస్టు 29

అక్కా!

వస్తున్నాం! ఎల్డ్రెడ్‌కు ఇస్త్రీ చొక్కా ఒక్కటే ఉంది, దానికి వెనక కొస లేదు, కోటు విప్పనివ్వను. బేకాపిల్ సీసాలు ఒళ్ళో పెట్టుకుని వస్తాను. మఫిన్లు చేసిపెట్టు. అచ్చుల్లోంచి వచ్చేవే సుమా!

రోనా


రెడ్ కోవ్, లాబ్రడార్
అక్టోబరు 9

అక్కా,

బొంత నిన్న పడవలో వచ్చింది. అంచులు ఇంకోసారి గట్టిగా కుట్టి పంపిస్తానని నువ్వు పెళ్ళయ్యాక దాన్ని ఉంచేసుకుంటే, ఇవ్వడం ఇష్టం లేక సాకులు చెప్తున్నావనుకున్నాను. ఎల్డ్రెడ్‌కు కూడా అలాగే చెప్పాను. తప్పే.

మన మూడో బహుమతి రిబ్బన్‌ను పొయ్యి పైన తగిలించాం. జడ్జి చీటీ కూడా దాని పక్కనే: "పనితనం ఉత్సాహంగా ఉంది. ఒక బాతు దిక్కు తప్పింది. వెన్న వాసన ఎందుకో అర్థం కాలేదు." చూసిన ప్రతివాళ్ళకూ మొదట్నుంచీ చివరిదాకా కథ చెప్పాల్సి వస్తోంది. హిల్డా గారు ఆ రోజంతా బొంత పక్కన కాపలా కాస్తూ, వచ్చినవాళ్ళందరికీ "అదిగో, ఆ చిన్న కుట్లు నావి. ఆ పెద్దవి వీళ్ళవి" అని చూపించింది కదూ! ఆవిడ గొంతు అనుకరించి చెప్తుంటే ఇక్కడ అందరూ పడి పడి నవ్వుతున్నారు.

ఇక్కడ అప్పుడే మంచు పడింది. నిన్న పక్క మీద బొంత పరిచాను. ఎల్డ్రెడ్ తన బాతు ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. "ఇదిగో" అన్నాడు. మళ్ళీ, "ఇంకోటి ఉందేమిటి?" అన్నాడు.

దీపం తెచ్చి చూశాను. ఎర్ర గళ్ళ బాతు పక్కన, రెక్కకు రెక్క తగిలేంత దగ్గరగా, ఇంకో బాతు ఉత్తరానికి తిరిగి ఉంది. ఎగ్జిబిషన్‌లో అది దక్షిణానికే ఉంది, కళ్ళారా చూశాను. దాని మీద ఎవరో కొత్త గుడ్డ వేసి కుట్టారు. తెల్లగుడ్డ, మధ్యలో ఊదారంగు మరక. ఆ మరక నాకు తెలుసు. నీ వంటింటి ఏప్రన్ మీద, ఎడమ జేబు కింద ఉండేది.

ఏమిటే ఇది? ఆ పొరపాటు నువ్వెలా చేశావు?

నీ రోనా


మిల్ క్రీక్
అక్టోబరు 18

రోనా,

నేను పొరపాట్లు చెయ్యను. నీకు తెలిసిందే.

ఒక్క బాతు ఎదురు తిరిగితే జడ్జి మార్కులు కోస్తుంది. పక్కన ఇంకోటి కూడా తిరిగిందనుకో, అది డిజైన్ అనుకుంటుంది. నీ బొంతకు మార్కులు తగ్గడం నాకు ఇష్టం లేదు. అంతే.

మీ బావతో మాట్లాడాను. బేకాపిల్స్ పండేవేళకు నేను వస్తున్నాను. ఈ ఒక్క వేసవే అని మాట మాత్రం ఇవ్వను. మీ పొయ్యికి కుడివైపే వేడి అన్నావు కనుక నా సొంత అచ్చులు తెచ్చుకుంటాను. పావుగంటకోసారి తిప్పడం నీ పని. వెన్న డబ్బా మాత్రం ఎల్డ్రెడ్ గారిని కొనిపెట్టమను, బొమ్మ చెక్కుచెదరకుండా ఉన్నది.

క్యాలెండర్‌లో రాసుకున్నాను. సిరాతోనే.

మీ అక్క
ఆర్డిత్